తూటికూరా, లొట్టపీసా

మా అమ్మాయి అయిదో నెల కడుపుతో ఉండగానే మా ఇంటికి వచ్చేసింది. మామూలుగా పురిటికి ఏడో నెలలో తీసుకొస్తారు. మూడో నెలతో పోవలసిన వేవిళ్ళు పోకపోగా ఇంకా ముదరడంతో, హైదరాబాదులో ఆఫీసుకు వెళ్తూ చూసుకోలేక అల్లుడు ముందే తెచ్చి దింపి వెళ్ళాడు. ఏం తిన్నా కడుపులో నిలవదు. వాసనలైతే మరీను. తాలింపు వేస్తే వాంతి, అగరొత్తి వెలిగిస్తే వాంతి. నేను తలకు కొబ్బరినూనె రాసుకుని పక్కనుంచి నడిస్తే ముక్కు మూసుకునేది. ఎవరు చెప్పినా ఏ అలవాటూ మానని వాణ్ణి, నూనె మానేశాను. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపు అది. అంతకుముందు ఒకటి వచ్చి పోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరం ఎత్తం. ఎత్తకపోయినా పొద్దున లేస్తూనే అందరం దాని మొహమే చూసేవాళ్ళం.

మాది గవర్నర్‌పేట సందుల్లో ఒక పాత అపార్ట్‌మెంటు. కింద హోల్‌సేల్ కొట్లు, పైన మేము. ఏటా కార్తీకమాసంలో ఒక ఆదివారం అందరం కలిసి వనభోజనాలకు వెళ్తాం. బస్సు మాట్లాడడం, తోట చూడడం, వంటవాణ్ణి కుదర్చడం అంతా అసోసియేషన్ సెక్రటరీ గారి పని. మంచి మనిషే గానీ ఫోన్ చెప్పందే ఏదీ నమ్మరు. వాన పడుతుందో లేదో ఫోన్‌లో చూసి చెప్తారు, అప్పటికి మనం తడుస్తూ ఉంటాం. నేను హైస్కూల్లో సైన్స్ పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. బిల్డింగులో అందరికీ మాస్టారిని. కుండీలో మొక్క ఎండినా, మెట్ల కింద పిల్లి ఈనినా నన్నే పిలుస్తారు. ఆయన ఫోనుకూ నా పాఠాలకూ ఎప్పుడూ పడదు. అయినా రోజూ సాయంత్రం ఇద్దరం కలిసే కాఫీ తాగుతాం.

ఈసారి తోట కూచిపూడి దాటి కాస్త లోపలికి దొరికింది. అమ్మాయిని ఇంట్లో వదిలి వెళ్ళలేక, తీసుకెళ్తే బస్సులో ఏమవుతుందోనని భయపడి, చివరికి ముందు సీటు ఖాయం చేసి తీసుకెళ్ళాం. ఉసిరిచెట్టు కింద పూజ అయింది. వంటవాడు గాడిపొయ్యి వెలిగించాడు. తోట వెనక పంటకాలువ ఉంది. దాని మీద గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని, ఆ సందుల్లోంచి తూటితీగ పాకుతూ కనిపించింది. మా ఆవిడది దివిసీమ. అది చూడగానే ఆవిడ కాళ్ళు నిలవలేదు. అమ్మాయి నాలుగు రోజుల కిందట, "అమ్మమ్మ వండే తూటికూర పప్పయితే తినగలనేమో" అంది. విజయవాడ రైతుబజారులో వెతికితే దొరకలేదు. ఇక్కడ కళ్ళముందే కాలువ నిండా ఉంది. వంటవాడు వండబోతున్న ముద్దపప్పు ఆపించి, మరో ముగ్గురు ఆడవాళ్ళను వెంటేసుకుని గట్టు దిగింది.

నేను మామిడిచెట్టు కింద పేకాటలో ఉన్నాను. వాళ్ళు కూర తెచ్చి చాపమీద పోయడం, చుట్టూ కూర్చుని లేతాకులు గిల్లడం, పక్కన కుర్చీలో అమ్మాయి కూర్చుని ఉండడం దూరం నుంచి చూశాను. అంతే చూశాను. పేకముక్కల మధ్యలో ఉన్న మనిషి అంతకంటే చూడడు.

భోజనాల దగ్గర జరిగింది మాత్రం బాగా చూశాను. చింతపండు పులుసుతో, ఇంగువ తాలింపుతో ఆ పప్పు విస్తట్లో పడింది. అమ్మాయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. మేమిద్దరం కూడా ఆగాం. రెండో ముద్ద పెట్టుకుంది. తర్వాత తలెత్తకుండా తిని, మారు వడ్డించమంది. మా ఆవిడ నెయ్యి గిన్నె తేవాలని అటు తిరిగి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని ఇటు వచ్చింది. నాకు ఆ పూట తిన్న గారెల రుచి కూడా గుర్తులేదు. బిడ్డ అన్నం తింటుంటే చూడడంలో ఇంత సుఖం ఉందని అరవై ఏళ్ళు దాటాక తెలిసింది. సెక్రటరీ గారు ఆ పప్పే మూడుసార్లు వడ్డించుకున్నారు. మామూలుగా అయితే ఆయన్ని ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ రోజు నేనే నాలుగోసారి వడ్డించమన్నాను.

ఎండ తగ్గాక బయల్దేరాం. అమ్మాయి ముందు సీట్లో కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. పామర్రులో టీ కోసం బస్సు ఆపారు. నేను టీ గ్లాసు అందుకుంటుంటే సెక్రటరీ గారు భుజం తట్టారు.

"మాస్టారూ, ఒక్కసారి ఇటు రండి. అందరి ముందూ వద్దు."

టీకొట్టు పక్కకు తీసుకెళ్ళి ఫోన్ చూపించారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో మా అమ్మాయి ఫోటో. చెవి వెనక లేత గులాబీరంగు పువ్వు. రెండో అంతస్తులో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి పెట్టింది. కింద 'మన తూటికూర పువ్వు' అని రాసింది.

"పువ్వు బాగుందే, పేరేంటో చూద్దామని ఫోన్‌ని అడిగానండీ. ఇది వేరే మొక్క అంటోంది. విషం అంటోంది. మీరు చూసి చెప్పండి, ఫోన్ తప్పంటే నాకంటే సంతోషించేవాడు ఉండడు."

తప్పని చెప్పడానికే నోరు తెరిచాను. బొమ్మ పెద్దది చేసి చూసి మూసుకున్నాను. అది తూటిపువ్వు కాదు. లొట్టపీసు పువ్వు.

ఈ రెండింటి సంగతీ క్లాసులో ఏటా చెప్పినవాణ్ణి. రెండూ ఒక కుటుంబం మొక్కలే. రెండింటి పూలూ సన్నాయి మూతిలా విప్పారతాయి, రెండింటి కాడలూ లోపల బోలుగా ఉంటాయి. తూటి నీళ్ళలో బతికేది. కాడ నీటి మీద తేలుతూ సాగిపోతుంది, కణుపు కణుపుకూ వేళ్ళు దిగుతాయి. పువ్వు చిన్నది, తెల్లగా ఉండి గొంతులో ఊదారంగు. లొట్టపీసు నీటి పక్కన నిలబడేది. గట్టు మీద మనిషెత్తు పెరిగి కర్రబారుతుంది, తుంచితే పాలు కారతాయి, పువ్వు పెద్దది. మేకలు అదే పనిగా దాన్ని మేస్తే తూలి పడిపోతాయి. గేదె మూతి పెట్టదు. అందుకే మా వైపు కంచెలకు నాటుతారు. పువ్వు చేతిలో ఉంటే చెప్పగలను, ఆకు చేతిలో ఉన్నా చెప్పగలను. పప్పులో ఉడికి, మెదిగి, తాలింపు పడి, కడుపులోకి వెళ్ళిపోయిన కూరను ఎవరు గుర్తుపడతారు?

రెండో అంతస్తు అమ్మాయిని పిలిచి నెమ్మదిగానే అడిగాను. సిటీలో పెరిగిన పిల్ల, ఆన్‌లైన్‌లో తప్ప ఆకుకూర కొని ఎరగదు.

"ఆంటీ వాళ్ళ నలుగురి వెనక నేనూ వెళ్ళా. ఏది కొయ్యాలి ఆంటీ అంటే, సన్నాయి పూలున్నదే అన్నారంకుల్. నీళ్ళల్లోకి దిగితే డ్రెస్ తడుస్తుందని గట్టు మీదున్నవి విరిచా. రెండు చేతుల నిండా వచ్చింది. చాప దగ్గర పెట్టేసి ఫోటోలు తీసుకోడానికి వెళ్ళిపోయా." ఆ పిల్ల నా మొహం, సెక్రటరీ గారి మొహం మార్చి మార్చి చూసింది. "ఏవైందంకుల్?"

మా ఆవిడ అంతా వింది. ముందు నామీద లేచింది.

"నేను పుట్టి పెరిగిందే కాలవల మధ్య. లొట్టపీసు తెచ్చి పప్పులో వేస్తానా?"

"నువ్వు వెయ్యవు. మిగతా ముగ్గురో?"

ఆవిడ గుర్తు చేసుకుంది. నలుగురూ కూర్చుని గిల్లారు. తన చేతికి వచ్చింది తను చూసింది. మాటల్లో పడ్డారు, ఎవరి సంబంధమో కుదిరిన కబురు నడుస్తోంది. మిగతావాళ్ళ చేతికి ఏమొచ్చిందో చూడలేదు. ఆ ముగ్గుర్నీ అడిగితే ఒకరు చూశామన్నారు, ఒకరు చూసినట్టే ఉందన్నారు, మూడో ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. పప్పు గుండిగ తోటలోనే తోమించి బస్సెక్కించాం. అడుగున ఒక్క ఆకు ముక్క కూడా లేదు.

మా అందరికీ ఏమైనా ఫరవాలేదు అనిపించింది, నిజంగానే అనిపించింది. అమ్మాయి రెండుసార్లు వడ్డించుకుని తిన్న ముద్దలే కళ్ళముందు ఆడాయి. టీకొట్టు వెనక్కి వెళ్ళి అమ్మాయిని చూసే డాక్టరమ్మ గారికి ఫోన్ చేశాను. ఆవిడ తొణకలేదు.

"వాంతులు గానీ, మత్తుగా ఉండడం, తూలడం గానీ ఉన్నాయా? లేకపోతే కంగారు పడకండి. కానీ తిన్నది ఏ మొక్కో ఖాయంగా తెలియాలి. దగ్గర్లో ఉంటే చూసి, ఒక కొమ్మ తీసుకుని వచ్చెయ్యండి. ఏం తిందో తెలిస్తే ఏం చెయ్యాలో నాకు తెలుస్తుంది."

తోట దగ్గర, విజయవాడ దూరం. వెనక్కి తిప్పుదామన్నాను. అప్పుడు మా ఆవిడ బస్సెక్కబోతున్న అందరినీ ఆపి, గొంతు తగ్గించి ఒక్క మాట చెప్పింది.

"దాని చెవిన ఈ మాట పడకూడదు. కడుపుతో ఉన్నది, దడుచుకుంటే అదొకటి."

ఎవరూ ఎదురు చెప్పలేదు. మాలో అది ఉన్నదే. కడుపుతో ఉన్న మనిషికి చావు కబురు చెప్పం, యాక్సిడెంట్ వార్త వస్తుంటే టీవీ కట్టేస్తాం, దగ్గరి బంధువు పోయినా పురుడు వెళ్ళాక చెప్తాం. నీళ్ళ మోటారు రిపేరు మీద ఏ మీటింగులోనూ ఒక మాట మీదికి రాని జనం ఆ టీకొట్టు ముందు క్షణంలో ఒకటైపోయారు. సెక్రటరీ గారు కళ్ళజోడు తోటలో మర్చిపోయారని చెప్పాలని తీర్మానించారు. అది ఆయన ముక్కు మీదే ఉంది. తీసి జేబులో పెట్టుకున్నారు. అద్దాలు లేకపోతే ఆయనకు చేతి వేళ్ళు కనపడవు, బస్సు మెట్టు తడుముకుంటూ ఎక్కారు.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం బస్సెక్కింది. ఒకావిడకు కళ్ళు తిరుగుతున్నాయన్నారు. మూడో అంతస్తు ఆయనకు నాలుక మొద్దుబారింది. పప్పు ముట్టని, పెరుగన్నం మాత్రమే తిన్న పెద్దాయనకు కూడా పొట్టలో మెలిపెడుతోంది. అందరూ గుసగుసగానే బాధపడుతున్నారు, పెద్దగా మూలిగితే ముందు సీటుకు వినిపిస్తుంది. డ్రైవరు నా వైపు తిరిగి, "నేనూ తిన్నాను సార్, బానే ఉన్నా" అన్నాడు. "నువ్వు రోడ్డు చూసి నడుపు" అన్నాను.

బస్సు కుదుపులకు అమ్మాయి తలెత్తింది.

"ఏంటి నాన్నా, వెనక్కి వెళ్తున్నాం?"

"సెక్రటరీ గారు కళ్ళజోడు మర్చిపోయారమ్మా."

వెనక్కి తిరిగి చూసింది. బస్సంతా తన వంకే చూస్తోంది. ఆడవాళ్ళు గబుక్కున కిటికీల వైపు తిరిగారు.

"నీకు కళ్ళు తిరగడం, మత్తుగా ఉండడం అలాంటివేం లేవుగా?" అన్నాను, ఊరికే అడుగుతున్నట్టు.

"లేవు. ఎందుకు?"

"ఊరికే."

అది నా మొహం కాసేపు చూసింది. కిటికీ వైపు తిరిగి, కొంగు ముందుకు లాక్కుని కూర్చుంది. హమ్మయ్య, నమ్మింది అనుకున్నాను.

తోటకు చేరేసరికి పొద్దు వాలుతోంది. అమ్మాయిని దిగవద్దని చెప్పి, నేనూ మా ఆవిడా గాడిపొయ్యి వెనక్కి పరిగెత్తాం. గిల్లిన కూర కాడలు అక్కడే కుప్ప పోశారు. ఆ కుప్ప దగ్గర ఒక గేదె నిలబడి తీరిగ్గా నములుతోంది. సగం అప్పటికే అయిపోయింది. జీవితంలో గేదెతో పోట్లాడినవాణ్ణి కాదు. దాని మూతి కింద చెయ్యి పెట్టి కాడలు లాక్కున్నాను. అది తల విదిలించి నా చొక్కా నిండా చొంగ పూసింది.

ఒక కాడ తీశాను. మెత్తగా, బోలుగా ఉంది. కణుపు దగ్గర తెల్లటి వేళ్ళు. తూటి. ఇంకొకటి తీశాను, వేళ్ళున్నాయి. ఇంకొకటి. కింద కూర్చుని కుప్పంతా పరిచాను. చూసిన ప్రతి కాడా నీళ్ళలో తేలిందే, ప్రతి కణుపుకూ బురద అంటిన వేళ్ళే. కర్రబారింది ఒక్కటి లేదు. గేదె తింటోందంటేనే సగం తేలిక పడాలి నిజానికి. కానీ భయపడిన మనిషికి సగం చాలదు. ఆ పిల్ల విరిచిన మోపు మరి ఏమైంది? పప్పులోకి వెళ్ళలేదని దేన్ని బట్టి చెప్పను?

"ఏవండీ, ఇటు చూడండి" అంది మా ఆవిడ.

కంచె పక్కన చెత్తలో పడి ఉంది. మోపుకు మోపు. పొడుగాటి ఆకులు వాడి వేలాడుతున్నాయి, గులాబీరంగు పూలు ముడుచుకుపోయాయి. ఒక్క ఆకు గిల్లలేదు. రెండో అంతస్తు అమ్మాయి వెనకే వచ్చి చూసి, "అదే అంకుల్, నా జుట్టు రబ్బరుతో కట్టా" అంది. మోపు నడుముకు నల్ల రబ్బరు వేసింది వేసినట్టే ఉంది, వదులు కూడా కాలేదు.

అక్కడే మట్టిలో కూలబడ్డాను. ప్రాణం లేచొచ్చింది అంటారే, లేచొచ్చినప్పుడు మనిషి లేవలేడని ఆ రోజు తెలుసుకున్నాను. మా ఆవిడ ఆ మోపు పట్టుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. వార్త బస్సు దగ్గరికి చేరగానే కళ్ళు తిరుగుతున్నావిడకు తగ్గిపోయింది. నాలుక మొద్దుబారినాయన టీ ఫ్లాస్కు ఎక్కడుందని అడిగారు. సెక్రటరీ గారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, మోపునూ ఫోన్‌నూ మార్చి మార్చి చూసి, "ఫోన్ పువ్వు సంగతి కరెక్టే చెప్పిందండీ, కూర సంగతే దానికి తెలీదు" అన్నారు. ఆ రోజు ఆయన్ని కౌగిలించుకున్నాను. మళ్ళీ ఎప్పుడూ ఆ పని చెయ్యను.

ఇంతలో అమ్మాయి దిగి వచ్చింది. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని నెమ్మదిగా నడుస్తూ వచ్చి మా మధ్య నిలబడింది.

"దేని కోసం వెతుకుతున్నారు?"

ఇక దాచే పని లేదని మా ఆవిడ మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అమ్మాయి విని ఆ మోపు వైపు చూసింది.

"ఇదా? చాప పక్కన పెడితే పాల కంపు భరించలేక నేనే కాలితో నెట్టేశా. కంచెకి ఎవరో తెచ్చుకున్నారనుకుని, తోటాయన వస్తే అటు పడెయ్యమన్నా. పామర్రులో నన్నొక్క మాట అడిగుంటే అక్కడే చెప్పేదాన్నిగా."

నాకు నవ్వొచ్చింది. ఊరంతా తిరిగి అడిగాం, డాక్టర్ని అడిగాం, గేదెను కూడా అడిగినట్టే. తిన్న మనిషిని తప్ప.

"నువ్వు భయపడతావని చెప్పలేదే" అన్నాను నవ్వుతూనే.

అది నవ్వలేదు.

"భయపడలేదనుకున్నారా నాన్నా? పామర్రులో మధ్యలో మెలకువొచ్చింది. టీకొట్టు వెనక నువ్వు కంగారుగా ఫోన్‌లో మాట్లాడ్డం కిటికీలోంచి చూశా, డాక్టరే అనుకున్నా. మొన్న తీసిన స్కానింగులో ఏదో ఉందనీ, ఆవిడ నాకు చెప్పకుండా నీకు చెప్పిందనీ అనుకున్నా. అందరూ నా వంక అలా చూస్తున్నారు. కళ్ళజోడు ఆయన జేబులోనే కనిపిస్తోంది. క్రితంసారి కూడా మీరందరూ ఇలాగే నాకు చివర్న చెప్పారు. పామర్రు నుంచి ఇక్కడిదాకా వీడు కదుల్తాడేమోనని చెయ్యి పెట్టుకుని కూర్చున్నా."

మేము విషం గురించి భయపడుతున్నంతసేపూ అది బిడ్డే పోయిందనుకుని, పక్కనే, ఒంటరిగా కూర్చుంది. మా ఆవిడ దాని చెయ్యి పట్టుకుంది.

"కదిలాడా?" అంది.

"కదిలాడు. కూచిపూడి దగ్గర" అంది అమ్మాయి. అప్పుడు ఏడ్చింది. అది తేలికపడిన ఏడుపని తెలుస్తూనే ఉంది, అందుకని ఎవరం ఆపమనలేదు.

బస్సెక్కాక డాక్టరమ్మ గారికి మళ్ళీ ఫోన్ కలిపాను. ఆవిడ ఎత్తగానే, నేను మాట్లాడకుండా ఫోన్ దాని చేతికే ఇచ్చాను. అది జరిగిందంతా తనే చెప్పింది. అవతలి నుంచి ఆవిడ ఇప్పుడు ఎలా ఉందని అడిగినట్టున్నారు.

"బావున్నానండీ" అంది అమ్మాయి. "ఆకలేస్తోంది."